కుబుసం ఓడలో కాపరి

జూన్ 20, గురువారం

సెలవులు అయిపోయాయి. మళ్ళీ ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం, ఉదయం పాసింజరు.

కిటికీ పక్క సీటు వదిలి ఇవతల కూర్చున్నాను. అలవాటు. దెందులూరులో ఎక్కినాయన ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. లేరన్నాను. కూర్చుని పూళ్ళ దాకా నిద్రపోయాడు.

కాలేజీలో డ్రాయింగ్ హాలు బూజు పట్టి ఉంది. దులిపించాను. స్టాఫ్ రూములో నేను వెళ్ళేసరికి అందరూ గొంతు తగ్గించారు. బాగానే ఉన్నానని చెప్పాను.

ఎల్లైసీ వాళ్ళిచ్చిన డైరీ ఇది. జనవరి నుంచి ఖాళీగా ఉంది. వృథా చేయడమెందుకని రాస్తున్నాను.

జూన్ 21

వర్షం. చారు పెట్టుకున్నాను. ఉప్పు ఎక్కువైంది.

జూన్ 24, సోమవారం

భీమడోలు ప్లాట్‌ఫారం మీద వీరరాఘవమ్మ వదినగారు కారియర్ పట్టుకుని నిలబడి ఉన్నారు. నా భార్య వసుంధరకి అక్కయ్య. ఏ పెట్టెలో ఉంటానో ఆవిడకి తెలుసు.

"చిక్కిపోయారు మరిదిగారూ."

"లేదండీ."

"అద్దం చూసుకుంటున్నారా, అదీ మానేశారా?"

బండి కదిలింది. ఆవిడ కూడా నడుస్తూ కిటికీలోంచి కారియర్, పచ్చడి సీసా అందించారు. ఈ వయసులో బండి వెంట నడవొద్దని చెప్పాలి. రేపు చెబుతాను.

జూన్ 27

తివాచీలు నేసే అబ్దుల్ గారు ఫోను చేశారు. ఒకసారి షెడ్డుకి రమ్మన్నారు. తివాచీ సంగతి.

నిజానికి తివాచీ సంగతే మరిచిపోయాను.

జూన్ 30, ఆదివారం

తంగెళ్ళమూడి వెళ్ళాను. షెడ్డు అలాగే ఉంది. ఉన్ని వాసన, కప్పు మీద వాన చప్పుడు.

వసుంధర తాడేపల్లిగూడెంలోనే డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. ఆదివారాలు ఇక్కడికొచ్చి వీళ్ళకి డిజైన్లు గీసిచ్చేది. లతలు, పువ్వులు, కొల్లేటి కొంగలు. ఒక్కటి మాత్రం మా ముందుగదిలో గోడకి వేసుకుందామని గీసింది. ఓడ. జనవరిలో తనే తెచ్చి అబ్దుల్ గారి చేతికిచ్చింది. ఫిబ్రవరిలో మగ్గం ఎక్కించారు. మార్చిలో ఆమె పోయింది.

మగ్గం మీద కనిపించేది ఒక మూర మాత్రమే. నేసినదంతా కింది దూలానికి చుట్టుకుపోతుంది. ఓడ తల, మెడ ఆ చుట్టలోకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు నడుము నడుస్తోంది. గ్రాఫు కాగితం ఒక చెక్కకి అంటించి ఎదురుగా వేలాడదీశారు. గుల్షన్ గారు దాన్ని చూస్తూ ముడులు వేస్తున్నారు. అబ్దుల్ గారి భార్య. తల తిప్పకుండానే నమస్కారం అన్నారు.

కాగితం చివరికొచ్చేసింది, ఉన్నికి రంగు వేయించాలి, ఇకమీద కూడా అవే రంగులేనా అని అబ్దుల్ గారు అడిగారు. అవే కానివ్వమన్నాను.

మిగతా సగం కాగితం ఇంట్లో ఉండాలి. వెతికి ఇవ్వాలి.

జూలై 7, ఆదివారం

వసుంధర అల్లిన ఓడ కథ నాకు తెలిసినంత రాసిపెట్టుకోవాలి. పోనుపోను మరిచిపోతాను.

ఓడ పేరు కుబుసం. కట్టినవాళ్ళు గోధలు. ఉడుము జాతి, మనిషంత ఎత్తు, రెండు కాళ్ళ మీద నడుస్తారు. వాళ్ళ సూర్యుడు చల్లారిపోతున్నాడు. చల్లటి నెత్తురు వాళ్ళకి అంతకన్నా కష్టం లేదు. అందుకని ఇంకో సూర్యుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరారు.

మొదలైంది రైల్లోనే. భీమడోలు దాటాక చేపల చెరువు గట్టు మీద ఒక ఉడుము తల ఎత్తి ఎండకి కూర్చుని ఉంది. "చూడండి, ఇంజను వేడెక్కేదాకా కదలడు" అంది. తాడేపల్లిగూడెంలో దిగేసరికి ఆ ఉడుముకి ఒక జాతి, ఆ జాతికి ఒక ఓడ ఉన్నాయి.

ఓడ ఒళ్ళంతా గోధలు విడిచిన కుబుసాలు. ఒకదాని మీద ఒకటి అతికిస్తారు. ప్రతివాళ్ళూ తోలు విడిచినప్పుడల్లా ఓడకే ఇవ్వాలి. అందుకని ప్రయాణం చేస్తూ చేస్తూ ఓడ పెరుగుతుంది. చచ్చిపోయినవాళ్ళు కూడా గోడలో ఉంటారు. పిల్లలు గోడ తడిమి ఇది మా తాతది, ఇది నేను నిరుడు విడిచింది అని చెప్పుకుంటారు. ఇనుముతో ఎందుకు కట్టలేదని అడిగాను. ఇనుము పెరగదు కదండీ అంది.

తలలో ఎండగది. ఎక్కడ ఏ నక్షత్రం వెలుగు తగిలినా అందరూ అక్కడ చేరి వీపులు తిప్పుకుని పడుకుంటారు. మెడలో గుడ్ల గది. నేలంతా ఇసుక. ఇసుక వేడిని బట్టి ఆడో మగో పుడతారు. ఆ వేడి చూసే ముసలి గోధ అంటే ఓడలో అందరికీ భయం, కెప్టెనుతో సహా.

నడక నీటిపాముది. ఒళ్ళు మెలికలు తిప్పుకుంటూ పోతుంది. శూన్యంలో దేన్ని తోసుకుంటూ పోతుందని అడిగాను. వెలుగుని అంది. వెలుగుకి అంత బలం లేదన్నాను. "గోధలకి తొందర లేదండీ. మీకే ఎనిమిదింటికి క్లాసు" అంది.

వెలుగు లేనిచోట అందరూ నిద్రపోతారు. ఒక్కరు మాత్రం మేలుకుని ఉంటారు. కాపరి. ఓడ నడుము దగ్గర, వేడిరాయి మీద. వసుంధర కాపరిని ఆవిడ అనేది.

తోకలో ఏముందో తెలియదు. నేనడగలేదు. ఆమె చెప్పలేదు.

జూలై 10

ఆమె బల్ల సొరుగు చూడాలి. కాగితం అందులో ఉంటుంది.

జూలై 12

వర్షం. రేపు చూస్తాను.

జూలై 14

సొరుగు తాళంచెవి కనబడలేదు.

జూలై 15

తాళంచెవి సొరుగుకే ఉంది.

జూలై 21, ఆదివారం

తెరిచాను. ఖాళీ గ్రాఫు పుస్తకాలు, చెక్కిన పెన్సిళ్ళు, రబ్బరు, నా పాత టీ-స్క్వేర్ ఒకటి. మిగతా సగం లేదు.

అంటే గీయలేదు. గీస్తూ గీస్తూ ఆగిపోయింది. మగ్గం ఖాళీగా ఉందని ముందు సగం ఇచ్చేసి ఉంటుంది, తర్వాతది తర్వాత ఇద్దామని. తర్వాత విజయవాడ ఆసుపత్రి.

అంటే ఆమె చేయాల్సింది ఇంకా ఉంది.

ఇది రాశాక కాస్త తేలిగ్గా ఉంది. ఎందుకో తెలియదు.

జూలై 28

తోక గీయడానికి కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా పిల్లలకి డ్రాయింగ్ నేర్పుతున్నవాణ్ణి. రాకెట్టులా వచ్చింది. చించేశాను.

ఆగస్టు 4, ఆదివారం

షెడ్డుకి వెళ్ళాను. కాగితం అయిపోగానే పని ఆపి ఉంటారనుకున్నాను. ఆపలేదు.

ముందు అర్థం కాలేదు. కాపరి కనిపించింది. వేడిరాయి మీద మోకాళ్ళు ముడుచుకుని, తోక చుట్టూ తిప్పుకుని, ఓడ వెనక వైపు చూస్తూ. కాగితంలో ఉన్నట్టే. దానికి ఎదురుగా, జానెడు దూరంలో, ఇంకొకటి. అదే రాయి, అదే తోక, ఇటు తిరిగి.

ఇదెవరని అడిగాను.

అబ్దుల్ గారు నవ్వి, రెండో సగమండీ అన్నారు. తివాచీ డిజైను ఎప్పుడూ సగమే గీస్తారట. మధ్య గీత దాకా నేశాక ఆ కాగితాన్నే కింది నుంచి పైకి కాకుండా పై నుంచి కిందికి చదువుకుంటూ నేస్తారు. అద్దంలో చూసినట్టు. కాపరి అయ్యాక నడుము, తర్వాత మెడ, చివర ఇంకో తల.

ఇది లతలూ పువ్వులూ కాదన్నాను. ఓడకి ముందు వేరు, వెనక వేరు అన్నాను. ఇది సగంలో ఆగిపోయిన కాగితమన్నాను.

గుల్షన్ గారు అప్పుడు మగ్గం మీంచి దిగారు. ఆవిడ నిలబడగా చూడటం అదే మొదటిసారి. పొడవైన మనిషి.

"మేడమ్ గారు మాకు ఎన్ని ఇచ్చినా సగమే ఇచ్చారండీ. సగం ఇచ్చారంటే మొత్తం ఇచ్చినట్టే."

"ఇది అలాంటిది కాదండీ. మేలుకుని ఉండేది ఒక్కరే. అది ఆ ఓడ నియమం."

"ఎవరు పెట్టారండీ ఆ నియమం?"

రెండో కాపరిని తీసెయ్యమని చెప్పి వచ్చేశాను.

నియమం పెట్టింది నేను. వేడిరాయి ఎంత పెద్దది, ఎంత కాలం వేడి నిలుస్తుంది, గోధ ఒంటికి ఎంత కావాలి అని రైల్లో లెక్క వేసి, ఒకరికే చాలుతుందని చెప్పింది నేను. పాపం ఒక్కతేనా అంది వసుంధర. లెక్క అంతేనన్నాను.

చూద్దాంలెండి అంది. అన్నిటికీ అదే అనేది.

ఆగస్టు 11, ఆదివారం

విప్పుతుంటే దగ్గర కూర్చున్నాను. కూర్చోనక్కరలేదని అబ్దుల్ గారు అన్నారు. కూర్చున్నాను.

చిన్న కత్తి మొనతో ఒక్కో ముడీ లేపి లాగుతారు. వేయడం కన్నా తీయడం నెమ్మది. ముందు పాదాలు పోయాయి. తర్వాత తోక. కన్ను ఒక్కటే ముడి, నలుపు. ఆవిడ దాన్ని లాగి, కొంగుకి అంటుకుంటే దులుపుకున్నారు.

సాయంత్రానికి కాపరి ఎదుట వట్టి పడుగు దారాలు. వాటి సందుల్లోంచి అవతలి గోడ కనిపిస్తోంది.

ఇప్పుడు సరిగ్గా ఉంది.

ఆగస్టు 19

తోక గీశాను. ఆవిరి ఇంజను దగ్గర్నించి అయాన్ ఇంజను దాకా అన్నీ ప్రయత్నించాను. చించేశాను.

ఆగస్టు 25

గీశాను. చించాను.

సెప్టెంబరు 3

బుడమేరు పొంగింది. కొల్లేరు నిండి కైకలూరు రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయట. ఇవాళ బళ్ళు లేవు. రోజంతా ఇంట్లో ఉన్నాను. ఏమీ గీయలేదు. కుర్చీలో కూర్చున్నాను. ఎవరితోనూ మాట్లాడలేదని సాయంత్రం పాలవాడితో మాట్లాడాక తెలిసింది. గొంతు సరిగా రాలేదు.

సెప్టెంబరు 10

అబ్దుల్ గారు ఫోను. తేమకి పడుగు దారాలు వదులవుతున్నాయి. ఎక్కువ రోజులు ఖాళీగా ఉంచితే నేసిన భాగం కూడా గుంజుకుపోతుంది. దసరాలోపు తోక బొమ్మ ఇస్తే సరే, లేకపోతే ఉన్నంతవరకు కోసి దింపేస్తామన్నారు. మర్యాదగానే చెప్పారు.

దసరాలోపు ఇస్తానన్నాను. దాదాపు అయిపోయిందని కూడా అన్నాను.

సెప్టెంబరు 12

మొదటి సంవత్సరం క్లాసు. సౌష్ఠవం ఉన్న వస్తువుల పాఠం. బోర్డు మీద నిలువుగా మధ్య గీత గీసి, కుడివైపు కప్పీ చక్రం సగమే గీశాను. ఎడమవైపు గీయనక్కర్లేదు, చూసేవాడికి తెలుస్తుంది అని ప్రతి ఏడూ చెప్పే మాటే చెప్పాను.

ఇందుజ అనే అమ్మాయి లేచింది. గీసినాయన సగంలో లేచి వెళ్ళిపోయాడో, సగం చాలనుకున్నాడో ఎలా తెలుస్తుంది సార్ అంది. క్లాసంతా నవ్వింది. మధ్య గీత ఉంటే తెలుస్తుందన్నాను.

బెల్లు కొట్టేదాకా బోర్డు వైపే తిరిగి ఉన్నాను.

సెప్టెంబరు 13

బండి దిగి ఇంటికి వెళ్ళకుండా షెడ్డుకి వెళ్ళాను. చెక్క మీంచి కాగితం దింపించి చివర చూశాను. మధ్య గీత లేదు. ఉండాల్సిన చోట కాగితమే అయిపోయింది. షీటు అంతవరకే వస్తుంది. మిగతా డిజైన్లు చూపించమన్నాను. కొన్నిట్లో గీత పెట్టింది, కొన్నిట్లో పెట్టలేదు.

రుజువు లేదు. ఇక దొరకదు.

గుల్షన్ గారు టీ ఇచ్చారు.

సెప్టెంబరు 17

భీమడోలులో వదినగారు. క్రాసింగు కోసం బండి ఆపేశారు. ఆవిడ ఎక్కి ఎదురుగా కూర్చున్నారు. తివాచీ ఎంతవరకు వచ్చిందని అడిగారు. బల్లుల బొమ్మ గోడకి వేస్తే పైన పడ్డట్టే లెక్క, ముందే తలకి పోసుకోవాలి అన్నారు. నవ్వించడానికి అన్నారని తెలుసు.

వసుంధర సగంలో వదిలేసిందని చెప్పాను.

"అదా? సగంలోనా?" అన్నారు. "అన్నం తింటుంటే ఫోనొస్తే పళ్ళెం ఖాళీ చేశాకే ఎత్తేది. ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు నాకు ఫోను చేసి, అక్కా, నీ దగ్గర తీసుకున్న ఇడ్లీ రేకులు తోమి అటక మీద పెట్టాను, మరిచిపోకుండా పట్టుకెళ్ళు అంది. అది దేన్నీ సగంలో వదల్లేదు మరిదిగారూ."

ఒంట్లో బాగోలేక వదిలేసిందండీ అన్నాను.

"కాగితం ఇచ్చినప్పుడు బాగానే ఉందిగా."

నేను కిటికీ వైపు తిరిగాను. ఆవిడ నా భుజం తట్టి దిగిపోయారు.

ఆవిడ ఇచ్చిన కారియర్ తెరవలేదు. సాయంత్రం అలాగే వెనక్కి తెచ్చాను.

ఆవిడ చెప్పింది నిజమైతే కాగితం పూర్తయినట్టే. కాగితం పూర్తయితే వసుంధర దగ్గర్నించి ఇక రావాల్సింది ఏమీ లేదు.

సెప్టెంబరు 18

నిన్న రాసింది చదివాను. కొట్టెయ్యలేదు.

సెప్టెంబరు 22, ఆదివారం

కొల్లేరు వెళ్ళాను. తోక చూడటానికి. నిజం ఉడుము తోక ఎలా ఉంటుందో చూస్తే గీయగలనేమోనని.

నీళ్ళు తగ్గాయి. గట్ల మీద గుర్రపుడెక్క ఎండి నల్లగా పడి ఉంది. ఒక చెరువు కాపలా పాక దగ్గర స్కూటరు ఆపి కూర్చున్నాను. పాకలో ఎవరూ లేరు. మంచం మీద ఒక దుప్పటి, మడత పెట్టి.

చాలాసేపటికి ఒకటి వచ్చింది. తూము పక్కనుంచి ఎక్కి, రాయి మీద పొట్ట ఆనించి, కళ్ళు మూసుకుంది. నేను కదల్లేదు. అది కదల్లేదు. ఎండ వచ్చిపోతోంది. మబ్బు పట్టినప్పుడల్లా అది కళ్ళు తెరిచి చూసేది.

ఒక్కసారి మాత్రం, చూశావా, ఇంజను వేడెక్కలేదింకా అన్నాను. పైకే అన్నాను. అది నీళ్ళలోకి జారిపోయింది. తోక ఎలా ఉందో చూడలేదు.

సెప్టెంబరు 29

తోక వచ్చింది. ఇంజను లేదు. తెడ్డులా పల్చగా, చివర వంపు తిరిగి. కొలతలు సరిపోయాయి. సిరాతో దిద్దడం కూడా పూర్తిచేశాను. తప్పు పట్టడానికి లేదు.

చాలా బాగుంది. ఎవరు గీశారో ఎవరైనా చెప్పగలరు. నేను.

అక్టోబరు 6, ఆదివారం

బొమ్మ తీసుకుని వెళ్ళాను. అబ్దుల్ గారు చూసి చాలా నీటుగా ఉందండీ అన్నారు. పాత కాగితానికి పైన నా కాగితం అంటించారు. అతుకు తెలుస్తోంది.

గుల్షన్ గారు మగ్గం ఎక్కి, ముందు కాగితాన్ని, తర్వాత వట్టి దారాలకేసి చూస్తున్న కాపరిని చూశారు.

"మాస్టారూ, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఈవిడ దేనికేసి చూస్తోందండీ?"

నా బొమ్మలో కాపరి ఎదుట గోడ వచ్చింది. తోకకి బలం కావాలని అడ్డుగోడ పెట్టాను. కాపరి మొహానికి బెత్తెడు దూరంలో. గీసినన్నాళ్ళూ నాకది కనబడలేదు.

ఇవాళ్టికి ఆపమన్నాను. బొమ్మ వెనక్కి తెచ్చుకున్నాను.

అక్టోబరు 8

గోడ జరిపి చూశాను. కిటికీ పెట్టి చూశాను. నక్షత్రాలు పెట్టి చూశాను.

అక్టోబరు 9

ఆమె మొదటినుంచీ కాపరిని వెనక్కి తిప్పి గీసింది. ఓడ పోయే వైపుకి కాదు. కాపలా కాసేది ముందుకి చూడాలి కదా అని అప్పుడే అడగాల్సింది. అన్నీ అడిగాను, అది తప్ప.

వదినగారు చెప్పిందే నిజమా, నేను చెప్పిందే నిజమా అన్నది నాకు తెలియదు. తెలియదని రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

అక్టోబరు 13, ఆదివారం

దసరా మర్నాడు. షెడ్డులో ఇద్దరే ఉన్నారు.

మళ్ళీ వేయమన్నాను.

ఏది అన్నారు అబ్దుల్ గారు. రెండో కాపరిని అన్నాను. మీరు మొదట వేసినట్టే, ఆ కాగితం ప్రకారమే, చివర తలతో సహా.

అబ్దుల్ గారు భార్య వైపు చూశారు. ఆవిడ ముడులు దిగ్గొట్టే దువ్వెన కింద పెట్టి చేతులు తుడుచుకున్నారు. మొహం ఎర్రబడింది.

"వేయమంటే వేశాను. తీసెయ్యమంటే ఆదివారమంతా కూర్చుని తీశాను. మూడోసారి నా వల్ల కాదండీ. కావాలంటే మీరే వేసుకోండి."

అబ్దుల్ గారు ఏదో అనబోయారు. ఆవిడ పీట మీద పక్కకి జరిగి చోటిచ్చారు. జోకు కాదు.

చెప్పులు విడిచి ఎక్కి కూర్చున్నాను.

అక్టోబరు 14

ఒక్క ముడి వేయడం: రెండు పడుగు దారాలు వేళ్ళతో లాగాలి, ఉన్ని వాటి చుట్టూ తిప్పాలి, కిందికి గుంజాలి, కత్తితో కోయాలి. గుల్షన్ గారు చేస్తుంటే చెయ్యి కనబడదు. నేను చేస్తుంటే పక్కన నిలబడ్డ అబ్దుల్ గారు టీ తాగడం అయిపోయింది.

"లాగండి. దారానికి నొప్పి పుట్టదు" అన్నారు ఆవిడ.

అక్టోబరు 20, ఆదివారం

రోజూ బండి దిగి షెడ్డుకే వెళ్తున్నాను. పాదాలు అయ్యాయి. వేళ్ళు ఆరు వచ్చాయి. గుల్షన్ గారు చూసి, గోధలకి ఎన్ని ఉంటాయండీ అని అడిగారు. అయిదన్నాను. అయితే ఒకటి తీయండి అన్నారు. తీశాను.

వాళ్ళకి ఓడ కథ చెప్పాను. కుబుసాలు, గుడ్ల గది, ముసలి గోధ. ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడం నాకు చేతకాదు, ముందూ వెనకా అయిపోయింది. ఇద్దరూ ఆ ముసలి గోధకి బాగా నవ్వారు. మా అత్త అన్నారు గుల్షన్ గారు. అబ్దుల్ గారు నవ్వడం ఆపేశారు.

అక్టోబరు 26

చూపుడు వేలు కోసుకుంది. ఎడమ చేత్తో రాస్తున్నాను. కథలు చాలు.

నవంబరు 2

వదినగారు షెడ్డుకి వచ్చారు. భీమడోలు నుంచి బస్సులో. నన్ను మగ్గం మీద చూశారు. తర్వాత గుల్షన్ గారి పక్కన చాప మీద కూర్చుని, ఉన్ని ఉండలు ఎవరు చుడతారని అడిగారు. సాయంత్రం దాకా చుడుతూనే ఉన్నారు. ఇద్దరూ నా ముడుల గురించి మాట్లాడుకున్నారు, నేను అక్కడ లేనట్టు.

నవంబరు 3, ఆదివారం

ఇవాళ కన్ను వేశాను. నల్ల ఉన్ని, ఒక్క ముడి. దాని కోసం కాగితం చూడక్కర్లేదు. మొదటిది ఎటు చూస్తోందో చూస్తే చాలు.

అయ్యాక దిగి, దూరంగా నిలబడి చూశాం. నా ముడులు బిగువు చాలక లావుగా ఉన్నాయి. మొదటి కాపరి సన్నగా, నిటారుగా ఉంది. రెండోది పొట్టతో, ఒక భుజం వంగి, కొంచెం ఎత్తుగా వచ్చింది. అద్దంలో బొమ్మలా లేదు. వేరే మనిషిలా ఉంది.

కావాలంటే సరిచేయిస్తానన్నారు అబ్దుల్ గారు.

"వద్దు" అన్నారు గుల్షన్ గారు. "దిగండి ఇంక. మిగతా ఓడ నేను చూసుకుంటాను. మీ చేతుల్లో పెడితే వంకరపోతుంది."

ఆవిడ ఎక్కి కూర్చుని రెండో కాపరి వెనక నుంచి మొదలుపెట్టారు. నడుము, తర్వాత మెడ, తర్వాత తల. సంక్రాంతికి దింపుతారట.

ఇంటికొచ్చి లెక్క మళ్ళీ వేశాను. రాయి అంతే ఉంది, వేడి అంతే ఉంది. ఇద్దరికి చాలదు. ఎలా పంచినా ఇద్దరికీ కాస్త చలేస్తుంది.

వేయనీ.